ఎరుకతో కూడిన అంగీకారం

తెలియనిదాన్ని తెలుసుకోవాలనే కోరిక మానవునికి సహజమైనది. ఆ కోరికకు క్రమశిక్షణ తోడైతే అది పరిశోధన అవుతుంది. రాతిని, చెట్టును, నక్షత్రాన్ని పరిశీలించే శాస్త్రజ్ఞుడు వాటి అనుమతి కోరవలసిన పనిలేదు. కాని పరిశోధనకు విషయం సాటి మనిషి అయినప్పుడు పరిస్థితి మారుతుంది. ఆ మనిషికి ఇష్టాయిష్టాలు ఉంటాయి, పరువుప్రతిష్ఠలు ఉంటాయి. తనను గురించి ఇతరులు వ్రాసే మాటల వల్ల కలిగే మేలుకీడులు ఉంటాయి. పరిశోధకుడు పని ముగించుకొని తన ఊరికి తిరిగి వెళతాడు. పరిశోధనకు లోనైన మనిషి మాత్రం దాని ఫలితాల నడుమనే జీవించవలసి ఉంటుంది.

ఆదివాసుల విషయంలో ఈ సంగతి మరింత ముఖ్యమైనది. అడిగేవానికి చదువు, అధికారం, ధనం ఉంటాయి. చెప్పేవానికి తరచుగా ఈ మూడూ ఉండవు. ఇట్టి అసమానత ఉన్నచోట పరిశోధకుడు పాటించవలసిన నియమాలనే పరిశోధన నీతి అంటున్నాం. ఆ నియమాలు ఎందుకు అవసరమయ్యాయో మన తెలుగు నేలమీద జరిగిన కొన్ని విషయాల ఆధారంగా ఈ పాఠంలో తెలుసుకుందాం.

మైదానం - అడవి

గుంటూరు, ప్రకాశం ప్రాంతాలు అనగానే నల్లరేగడి భూముల్లో విరగబూసిన పత్తిచేలు, ఎర్రని తివాచీ పరచినట్లుండే మిరప కల్లాలు, ఆసియాలోనే పెద్దదిగా పేరుపొందిన గుంటూరు మిర్చి యార్డు మన కళ్లముందు మెదులుతాయి. ఈ మైదానానికి పడమటి అంచున నల్లమల కొండలు ఉన్నాయి. పల్నాటి అంచుల నుంచి యర్రగొండపాలెం, దోర్నాల మీదుగా శ్రీశైలం దాకా వ్యాపించిన ఆ అడవిలో చెంచులు నివసిస్తున్నారు. మైదానంలోని పల్లెల్లో ఎరుకలు, యానాదులు, సుగాలీలు ఉన్నారు. వీరందరూ షెడ్యూల్డు తెగలకు చెందినవారే. చెంచులను ప్రభుత్వం ప్రత్యేక రక్షణ అవసరమైన ఆదిమ తెగగా గుర్తించింది.

వీరిని చదువులేనివారని తేలికగా అనేస్తుంటారు. కాని ఏ కొండచరియకు తేనెపట్టు పట్టిందో, ఏ దుంప ఏ కాలంలో ఊరుతుందో చెంచులకు తెలిసినట్లు మరొకరికి తెలియదు. యానాదులు మూలికావైద్యానికి పేరుపొందారు. ఎరుకలు వెదురుతో, ఈత ఆకులతో బుట్టలు, చాపలు అల్లడంలో నేర్పరులు. ఎరుకల స్త్రీలు సోది చెప్పడంలో ప్రసిద్ధులు. ‘ఎరుక’ అనే మాటకు జ్ఞానం అని అర్థం. ఎరుక చెప్పేవారు కనుక ఎరుకలు అయ్యారని పెద్దలు చెబుతారు. మన యక్షగానాల్లో, కురవంజుల్లో ఎరుకత వచ్చి నాయికకు జరగబోయేది చెప్పే ఘట్టం సుపరిచితమే. జ్ఞానమే పేరుగా గల ఈ జాతిని గురించి ఆధునిక కాలంలో వచ్చిన చదువరులు ఏమి వ్రాశారో, ఆ వ్రాతల వల్ల ఏమి జరిగిందో చూద్దాం.

కొలతలు - భయాలు

19వ శతాబ్దం చివరి భాగంలో మద్రాసు ప్రభుత్వ మ్యూజియానికి ఎడ్గార్ థర్‌స్టన్ అధిపతిగా ఉండేవాడు. ఆయన దక్షిణ భారతదేశమంతా తిరిగి, కె. రంగాచారి సహాయంతో దక్షిణాది కులాలు, తెగలపై ఏడు సంపుటాల గ్రంథాన్ని 1909లో వెలువరించాడు. ఈనాటికీ చరిత్ర పరిశోధకులు దాన్ని తిరగేస్తూనే ఉంటారు. అందులో విలువైన సమాచారం ఉన్నమాట నిజం. అయితే ఆ సమాచారాన్ని సేకరించిన పద్ధతిని కూడా మనం గమనించాలి. మనుషుల తల చుట్టుకొలతను, ముక్కు పొడవు వెడల్పులను, ఎత్తును పరికరాలతో కొలిచి, ఆ కొలతలను బట్టి జాతులను వర్గీకరించవచ్చునని ఆ కాలపు పండితులు నమ్మారు. ఆ నమ్మకం తప్పని తరువాతి విజ్ఞానశాస్త్రం తేల్చింది.

కొలతలకు లోనైనవారు ఏమనుకున్నారో థర్‌స్టనే తన గ్రంథంలో వ్రాసుకున్నాడు. వయనాడు ప్రాంతంలో పనియ తెగ స్త్రీలు ఆయనను చూసి పరుగెత్తిపోయారట. తమలో కొందరిని చంపి, గడ్డి కూరి, మద్రాసు మ్యూజియంలో నిలబెడతాడని వారు భయపడ్డారు. ఒక ఇరుల పురుషుడు ఎత్తును కొలిచే కొయ్యను ఉరికంబం అనుకొని దాని కింద నిలబడనన్నాడు. గ్రంథకర్త వీటిని వినోదకరమైన సంఘటనలుగా చెప్పాడు. ఆ భయాన్ని మనం నవ్వులాటగా తీసుకోలేం. వచ్చినవాడు ఎవరు, ఎందుకు కొలుస్తున్నాడు, ఆ కొలతలతో ఏమి చేస్తాడు అనే మూడు ప్రశ్నలకు ఆ ప్రజలకు ఎవరూ జవాబు చెప్పలేదు. జవాబు లేనిచోట భయం పుట్టడం సహజం.

ఒక మాట వేసిన ముద్ర

ఎరుకల విషయంలో ఆ భయం నిజమయింది. వారు ఒకప్పుడు ఎడ్లమీద, గాడిదలమీద సముద్రతీరం నుంచి ఉప్పును లోపలి గ్రామాలకు చేరవేసి, అక్కడి నుంచి ధాన్యం తెచ్చే సంచార వర్తకులు. రైలుమార్గాలు రావడంతో, ఉప్పుపై ఆంగ్ల ప్రభుత్వ విధానం బిగుసుకోవడంతో వారి వర్తకం దెబ్బతిన్నది. అటవీ చట్టాలు అడవి సరుకును అందకుండా చేశాయి. బ్రతుకుతెరువు పోయి ఊరూరా తిరుగుతున్న ఈ ప్రజలు అధికారుల కంటికి అనుమానితులుగా కనిపించారు. 1892లో ముల్లాలీ అనే పోలీసు అధికారి మద్రాసు రాజధానిలోని నేరస్థ వర్గాల పేరిట ఒక పుస్తకాన్ని ప్రకటించాడు. ఇట్టి పోలీసు వ్రాతలనుంచి పండితులు సమాచారం తీసుకున్నారు. పండితుల గ్రంథాలు అధికారులకు ప్రమాణాలయ్యాయి. ఈ విధంగా అనుమానం పుస్తకంలోకి ఎక్కి శాస్త్రమయింది. శాస్త్రం చట్టానికి అండ అయింది.

నేరస్థ జాతుల చట్టాన్ని ఆంగ్ల ప్రభుత్వం 1871లో ఉత్తర భారతంలో తెచ్చింది. 1911 చట్టంతో అది మద్రాసు రాజధానికీ వర్తించింది. ఆ చట్టం ప్రకారం ప్రకటించిన జాతివారు పోలీసుల వద్ద పేరు నమోదు చేయించుకొని, వేలిముద్రలు ఇచ్చి, అనుమతి లేనిదే ఊరు కదలకూడదు. ఏ నేరమూ చేయనివాడు సైతం ఫలానా జాతిలో పుట్టినందుకు అనుమానితుడే. ఇట్టివారికోసం బాపట్ల, చీరాల పట్టణాల నడుమ 1910ల్లో సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ నిర్వహణలో ఒక సెటిల్‌మెంట్ వెలసింది. మద్రాసు ప్రభుత్వంలో ఉన్నతపదవిలో ఉన్న హెరాల్డ్ స్టువర్టు పేరిట అది స్టువర్టుపురం అయింది. అక్కడి ఎరుకలు వ్యవసాయపు పనులకు, చీరాల పొగాకు కర్మాగారానికి కూలీలయ్యారు.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత 1952లో ఆ చట్టం దేశమంతటా రద్దయింది. ఆ జాతులను విముక్త జాతులు అన్నారు. చట్టం ముద్రను తీసివేసినా జనం నోటినుంచి మాట పోలేదు. స్టువర్టుపురం పేరు చెబితే చాలు అనుమానంగా చూసే అలవాటు తరతరాలుగా కొనసాగింది. సినిమాలు ఆ పేరును వాడుకొని దాన్ని మరింత పెంచాయి. బడికి వెళ్లే పిల్లవాడు తన ఊరి పేరు చెప్పడానికి జంకవలసిన పరిస్థితి ఒక జాతికి ఏర్పడింది. 1970ల్లో మహాకవి గుర్రం జాషువా కుమార్తె హేమలత, ఆమె భర్త లవణం ఆ గ్రామంలో సంస్కరణ కార్యక్రమాలు చేపట్టి, ఆ ప్రజల గౌరవాన్ని నిలబెట్టడానికి పాటుపడ్డారు. చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ 2001లో ప్రచురించిన గ్రంథంలో ఎరుకల వర్తకం ఎలా దెబ్బతిన్నదో, వారికి నేరస్థులన్న పేరు ఎలా అంటుకున్నదో ఆధారాలతో నిరూపించారు. పాత వ్రాతలు వేసిన ముద్రను కడిగివేయడానికి మళ్లీ పరిశోధనే చేయవలసివచ్చింది. పరిశోధకుని చేతిలోని కలానికి ఎంత బరువు ఉందో ఈ ఒక్క ఉదాహరణ చాలు.

తెలుసుకున్నది తిరిగి ఇవ్వడం

కృష్ణానదికి ఆవలి ఒడ్డున ఇందుకు భిన్నమైన ఉదాహరణ కనిపిస్తుంది. ఆస్ట్రియా దేశీయుడైన క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ 1940లో నాటి హైదరాబాదు రాజ్యంలోని అమ్రాబాదు పీఠభూమి మీద చెంచుల నడుమ నివసించి, వారి జీవితాన్ని అధ్యయనం చేశాడు. చెంచులపై ఆయన గ్రంథం 1943లో వెలువడింది. అదే 1940లో ఆదిలాబాదు అడవుల్లో కొమురం భీం నాయకత్వాన గోండుల తిరుగుబాటు జరిగింది. ఆ తరువాత హైమెండార్ఫ్ నిజాం ప్రభుత్వానికి ఆదివాసి వ్యవహారాల సలహాదారుగా పనిచేశాడు. గోండులకు భూమి పట్టాలు దక్కడానికి కృషి చేశాడు. 1943లో మార్లవాయి గ్రామంలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం ఏర్పడడానికి, గోండి భాషలో వాచకాలు రావడానికి కారకుడయ్యాడు. ఆయనను, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్‌ను మార్లవాయి ప్రజలు నేటికీ స్మరించుకుంటారు.

ఆయన పద్ధతిలో లోపాలు లేవని కాదు. ప్రభుత్వపు అండతో వచ్చినవానిని కాదనే ధైర్యం ఆనాటి ఆదివాసికి ఎంతవరకు ఉండేదో ఆలోచించవలసినదే. అయినప్పటికీ ఆ ప్రజల నుంచి తెలుసుకున్నదాన్ని ఆయన వారి భూమికోసం, వారి పిల్లల చదువుకోసం వినియోగించాడు. జ్ఞానం ఒకవైపు నుంచి మరొకవైపునకు పోయి అక్కడే ఆగిపోలేదు.

వేలిముద్ర చెప్పని సంగతి

ఇవన్నీ పరాయి పాలన నాటి సంగతులని, ఈనాడు అట్టి ప్రమాదం లేదని అనుకోవడం పొరపాటు. 2009లో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే టీకాపై ఒక అధ్యయనం మొదలయింది. పాథ్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి దీన్ని చేపట్టాయి. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల వయస్సు గల దాదాపు 14,000 మంది బాలికలకు టీకా వేశారు. వారిలో ప్రభుత్వ వసతిగృహాల్లో ఉండి చదువుకొనే గిరిజన బాలికలు ఎందరో ఉన్నారు. కొందరు బాలికలు మరణించిన వార్తలు రావడంతో 2010 ఏప్రిల్‌లో ఆ అధ్యయనాన్ని నిలిపివేశారు.

ఆ మరణాలకు టీకాతో సంబంధం ఉన్నట్లు విచారణ సంఘానికి కనిపించలేదు. ఆ టీకాను ప్రపంచంలో అనేక దేశాలు బాలికలకు ఇస్తున్నాయి. కాబట్టి ఇక్కడ ప్రశ్న టీకా మంచిదా, చెడ్డదా అనేది కాదు. అంగీకారం ఏ విధంగా తీసుకున్నారనేదే ప్రశ్న. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం తన నివేదికలో ఈ విషయాన్ని తీవ్రంగా విమర్శించింది. ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 పత్రాలపై వేలిముద్రలే ఉన్నాయి. 2,763 పత్రాలపై తల్లిదండ్రులకు బదులు వసతిగృహాల వార్డెన్లు సంతకాలు చేశారు. దూరపు గూడెంలో ఉన్న తల్లికి తన కూతురు ఒక అధ్యయనంలో భాగమయిందన్న సంగతే తెలియకపోతే, ఆ పత్రాన్ని అంగీకార పత్రం అని ఎలా అనగలం?

బొటనవేలి మాట వచ్చినప్పుడు భారతం చదివినవారికి ఏకలవ్యుడు జ్ఞాపకం రాక మానడు. ఎరుకలు ఆయనను తమ పూర్వికుడిగా చెప్పుకుంటారు. నన్నయ ఆదిపర్వంలో ఆ కథను మనకు తెలుగులో చెప్పాడు. ద్రోణుడు గురుదక్షిణగా కుడిచేతి బొటనవేలు కోరాడు. ఏకలవ్యుడు మారుమాటాడకుండా ఇచ్చాడు. అతడు ఒప్పుకున్నమాట నిజమే. కాని అడిగినవాడు ఆచార్యుడు, ఇచ్చినవాడు అడవిబిడ్డ. కాదనగల అవకాశం అతనికి ఉన్నదా? కాదంటే నష్టం లేదని అతనికి ఎవరైనా చెప్పారా? అంగీకారం ఉన్నంతమాత్రాన న్యాయం జరిగినట్లు కాదని, వేల సంవత్సరాలుగా ఆ కథ వింటున్న మన మనస్సుకు తెలుసు. అందుకే అది విన్న ప్రతివారికి ఏకలవ్యునిపై జాలి కలుగుతుంది.

ప్రపంచం నేర్చుకున్న పాఠాలు

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో జర్మనీలో ఖైదీలపై జరిగిన క్రూరమైన ప్రయోగాలు బయటపడిన తరువాత, 1947లో నూరెంబర్గ్ నియమావళి వెలువడింది. మనిషి స్వచ్ఛందంగా అంగీకరించనిదే అతనిపై ప్రయోగం చేయరాదన్నది అందులోని మొదటి సూత్రం. 1964లో వైద్యుల ప్రపంచ సంఘం హెల్సింకి ప్రకటన చేసింది. 2007లో ఐక్యరాజ్యసమితి ఆదివాసుల హక్కుల ప్రకటనను ఆమోదించింది. స్వేచ్ఛగా, ముందుగా, పూర్తి సమాచారంతో ఇచ్చే సమ్మతి అనే భావానికి ఆ ప్రకటన ప్రాధాన్యమిచ్చింది. దీన్నే మనం తెలుగులో ‘ఎరుకతో కూడిన అంగీకారం’ అని చెప్పుకోవచ్చు.

ఒకసారి ఇచ్చిన అంగీకారం అన్నింటికీ చెల్లదన్న పాఠం అమెరికాలో వచ్చింది. హవాసుపాయి అనే ఆదివాసి తెగవారిలో మధుమేహం ఎక్కువ. కారణం తెలుస్తుందన్న ఆశతో వారు 1990ల్లో అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులకు రక్తనమూనాలు ఇచ్చారు. ఆ నమూనాలను మానసిక వ్యాధుల పరిశోధనకు, తమ పూర్వికులు ఎక్కడి నుంచి వలస వచ్చారనే అధ్యయనానికి కూడా వాడినట్లు తరువాత తెలిసి వారు న్యాయస్థానానికి వెళ్లారు. 2010లో కుదిరిన ఒప్పందం ప్రకారం విశ్వవిద్యాలయం 7 లక్షల డాలర్లు చెల్లించడమే గాక, మిగిలిన రక్తాన్ని వారికి తిరిగి అప్పగించింది. 2017లో దక్షిణాఫ్రికాలోని శాన్ తెగవారు తమను పరిశోధించ వచ్చేవారు పాటించవలసిన నియమావళిని తామే వ్రాసుకున్నారు. గౌరవం, నిజాయితీ, న్యాయం, శ్రద్ధ అనేవి అందులోని ప్రధాన విలువలు.

మనదేశంలో భారత వైద్య పరిశోధన మండలి 2017లో సవరించిన మార్గదర్శకాలను విడుదల చేసింది. తెగ పెద్దల అనుమతి, అధికారుల అనుమతి తీసుకున్నప్పటికీ, పాల్గొనే ప్రతి వ్యక్తి అంగీకారాన్ని విడిగా తీసుకోవాలని అవి చెబుతున్నాయి. పెద్ద ఒప్పుకుంటే ఊరంతా ఒప్పుకున్నట్లు కాదన్నమాట.

లాభంలో పాలు

ఆదివాసుల జ్ఞానం వల్ల లాభం వస్తే దానిలో వారికి భాగం ఉండాలి. ఇందుకు కేరళలోని కాణి తెగవారి ఉదాహరణ ప్రసిద్ధమైనది. 1987లో అగస్త్య కొండల్లో పరిశోధకులకు దారి చూపిన కాణి యువకులు అలసట తీర్చుకోవడానికి ఒక మొక్క కాయలు తినడం శాస్త్రజ్ఞుల కంటబడింది. ఆ ఆరోగ్యపచ్చ మొక్కనుంచి ‘జీవని’ అనే ఔషధం తయారయింది. 1995లో ఒక ఔషధ సంస్థకు తయారీ హక్కు ఇచ్చినప్పుడు, వచ్చే సొమ్ములో సగం కాణి తెగకు ఇవ్వాలని పరిశోధనాలయం నిర్ణయించింది. అందుకోసం 1997లో ఒక ట్రస్టు ఏర్పడింది. అయితే తమను అడగలేదని వేరే ప్రాంతాల కాణివారు బాధపడ్డారు. జ్ఞానం అందరిదీ అయినప్పుడు కొందరి అంగీకారం చాలదని దీనివల్ల తెలుస్తున్నది. 2002లో వచ్చిన జీవవైవిధ్య చట్టం ఇట్టి లాభాల పంపకాన్ని మనదేశంలో చట్టబద్ధం చేసింది. రేపు నల్లమల మూలికలను గురించి చెంచులను అడిగేవారికి ఇవన్నీ గుర్తుండాలి.

విద్యార్థి పాటించవలసినవి

పరిశోధన అంటే పెద్దచదువులు చదివినవారి పని అని మీరు అనుకోవచ్చు. డిగ్రీలో చేరగానే మీలో చాలామంది ప్రాజెక్టు పనిమీద గ్రామాలకు వెళతారు. మిరప కోతలకు వచ్చిన సుగాలీ స్త్రీలకు పురుగుమందుల వల్ల కలుగుతున్న ఇబ్బందులను గురించి ఒక విద్యార్థిని వివరాలు సేకరిస్తున్నదనుకుందాం. ఒక స్త్రీ తన చేతులు మండుతున్న సంగతి, కూలి తక్కువ ముట్టిన సంగతి చెప్పింది. ఆమె పేరు, తండా పేరు, ఫోటో నివేదికలో అచ్చయితే, మరునాటి నుంచి మేస్త్రీ ఆమెను పనికి పిలవకపోవచ్చు. విద్యార్థినికి మార్కులు వస్తాయి. ఆ స్త్రీకి కూలి పోతుంది. నివేదిక సత్యమే అయినా అది చేసిన కీడు కీడే.

కనుక ఎవరిని కలిసినా మొదట మనమెవరమో, ఎందుకు వచ్చామో వారి భాషలో, వారికి అర్థమయ్యే మాటల్లో చెప్పాలి. వినగానే జవాబు కోరక, ఇంటివారితో, పెద్దలతో ఆలోచించుకొనే వ్యవధి ఇవ్వాలి. ఇష్టం లేకపోతే చెప్పనక్కరలేదని, మధ్యలో మానుకున్నా రేషనుకు గాని, పింఛనుకు గాని, పనికి గాని భంగం రాదని స్పష్టం చేయాలి. ఇట్టి భయం ఉన్నప్పుడు పలికే ‘సరే’ అనే మాట అంగీకారం కాదు. పేర్లను, ఫోటోలను వారి అనుమతి లేనిదే బయటపెట్టరాదు. పూజలు, మంత్రాలు, మందులు మొదలైన వాటిలో వారు గుప్తంగా ఉంచదలచినవాటిని తరచి అడగరాదు. ఒక పనికి సేకరించిన సమాచారాన్ని మరొక పనికి వాడదలిస్తే మళ్లీ అడగాలి. వ్రాసినదాన్ని తిరిగి తీసుకువెళ్లి వారికి చదివి వినిపించి, తప్పులుంటే సరిదిద్దాలి. అన్నింటికంటె మించి, ఒక్కరిలో చూసినదాన్ని జాతికంతటికీ అంటగట్టే మాటలు వ్రాయరాదు. స్టువర్టుపురం చరిత్ర మనకు నేర్పే ముఖ్యమైన నీతి ఇదే.

నియమాలు ఇన్ని ఉంటే పరిశోధన సాగుతుందా అని కొందరు సందేహించవచ్చు. నిజానికి ఈ నియమాలు పరిశోధనకు బలాన్నిస్తాయి. భయపడిన మనిషి నిజం చెప్పడు. అడిగినవాడు కోరిన జవాబే చెబుతాడు. నమ్మిన మనిషి మాత్రమే ఉన్నది ఉన్నట్లు చెబుతాడు. నమ్మకం లేనిచోట ఎన్ని కొలతలు తీసుకున్నా, ఎన్ని పత్రాలు నింపినా సత్యం చేతికి చిక్కదు.

ఎరుక ఇచ్చేవారిని గౌరవించడం గురుకులాల నాటి నుంచి మన సంప్రదాయం. పుస్తకం చెప్పినవాడు మనకు గురువైతే, అడవిని చదివి చెప్పిన చెంచు తాత, ఆకు పేరు చెప్పిన యానాది అవ్వ కూడా మనకు గురువులే. గురువును ప్రయోగ వస్తువుగా చూసే శిష్యునికి విద్య అబ్బదు. నల్లమలకు గాని, పొరుగున ఉన్న తండాకు గాని వెళ్లే ప్రతి విద్యార్థీ పుస్తకం, కలంతో పాటు ఈ వినయాన్ని కూడా వెంట తీసుకువెళ్లాలి.